ఆదివారం పూట నడుమునొప్పి

కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్ గారికి జీవితంలో రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, మిషన్ కుట్టు సరిగా పడటం లేదంటే పదింట తొమ్మిదిసార్లు తప్పు మిషన్‌ది కాదు, సూది తిరగేసి పెట్టిన మనిషిది. రెండు, ఆదివారం పొద్దున్న తొమ్మిది కాకముందు మనిషన్నవాడు మంచం దిగకూడదు.

యాభై రెండేళ్ళు వచ్చేదాకా ఈ రెండో నమ్మకం జోలికి ఎవరూ రాలేదు. ఇరవై మూడేళ్ళు దుకాణం వెనక గదుల్లోనే కాపురం. పొద్దుటినుంచీ సాయంత్రందాకా ఎదురుగా ఉండేవి మిషన్లు. వచ్చే మనుషులు కూడా "ఎప్పుడిస్తారు" అని అడిగి వెళ్ళిపోయేవాళ్ళే. చివరికి ఆ గదులు కూల్చేస్తామంటే, నాలుగు వీధుల అవతల ఒక మూడంతస్తుల భవనంలో రెండో అంతస్తుకి మారాడు. పన్నెండు కాపురాలు, అందరికీ కలిపి ఒకటే మెట్లదారి, డాబా మీద ఒకటే నీళ్ళ ట్యాంకు.

దిగిన మూడోరోజు ఆదివారం. ఆరున్నరకి తలుపు చప్పుడైంది.

తీస్తే ఎదురుగా మొదటి అంతస్తు డ్రిల్లు మాస్టారు. ఆయన రిటైరై ఏడేళ్ళయింది కానీ మెడలో ఈల ఇంకా ఉద్యోగంలోనే ఉంది. చేతిలో చీపురు, పక్కన బకెట్టు.

"ఆదివారం ఆదివారం అందరం కలిసి ఏదో ఒక పని పట్టుకుంటామండీ. ఇవాళ మెట్లు కడుగుతున్నాం. మీరు చీపురు తీసుకుంటారా, బకెట్టు తీసుకుంటారా?"

చూశారా, వస్తారా అని అడగలేదు. వస్తాడని ఖాయం చేసుకుని, ఏది పట్టుకుంటాడో మాత్రం అడిగాడు. సగం నిద్రలో ఉన్న మనిషికి మంచి అబద్ధం ఆలోచించుకునే వ్యవధి ఎక్కడిది? మెకానిక్ గారి చెయ్యి దానంతటదే వెళ్ళి నడుము మీద వాలింది.

"రావాలనే ఉంది మాస్టారూ. ఈ నడుమండీ. వంగానంటే మళ్ళీ లేవలేను."

మాస్టారి మొహం వెన్నలా మెత్తబడిపోయింది. "అయ్యో, పడుకోండి, పడుకోండి," అంటూ తలుపు తనే దగ్గరగా వేసి, మునివేళ్ళ మీద మెట్లు దిగాడు.

ఇదంతా వెనకనుంచి ఆయన భార్య చూసింది. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆ నడుము ఒకటుందని ఆవిడ వినడం అదే మొదలు. మొన్ననే చంకకొకటి చొప్పున రెండు ఇనప మిషన్లను రెండంతస్తులు ఎక్కించిన నడుము అది. జుట్టు ముడేసుకుని, మాస్టారి బకెట్టు అందుకోవడానికి తనే వెళ్ళింది.

ఆ భవనంలో ఒక పద్ధతి ఉంది. పాపం అది మెకానిక్ గారికి తెలియదు. ఒంట్లో బాగాలేక ఎవరైనా పనికి రాలేకపోతే, పై ఆదివారం పనే వాళ్ళింటికి వెళుతుంది.

పై ఆదివారం ఆరున్నరకి వచ్చింది. ఎనిమిది మంది రూపంలో వచ్చింది.

మూడో అంతస్తు నర్సు ముందు పరుపు నొక్కి చూసి, "ఇంత మెత్తగా ఉంటే నడుము ఎందుకు ఊరుకుంటుంది?" అంది. పదినిమిషాల్లో ఆ పరుపు అటక ఎక్కింది. దాని స్థానంలోకి బల్లచెక్క వచ్చింది. ఎదురింటి ప్లంబరు స్నానాలగదిలోకి దూరి, ఈయన పట్టుకుని లేవడానికి గోడకి స్టీలు పిడి బిగించాడు. వంగక్కర్లేకుండా ఉంటుందని ఆయన చెప్పుల్ని కిటికీ గట్టుమీద పెట్టారు. తన ఇంటి నడిమధ్యలో, తన నడుం మీద చెయ్యేసుకుని, ఆయన తన చెప్పుల్ని కళ్ళప్పగించి చూశాడు.

"నొప్పి కుడివైపా, ఎడమవైపా?" నర్సు అడిగింది.

"రెండువైపులానమ్మా."

"ఎప్పుడూ ఉంటుందా, వచ్చి పోతుంటుందా?"

"ఆదివారాలు కాస్త ఎక్కువ," అంది భార్య, టీ గ్లాసులు తెచ్చి పెడుతూ.

నర్సు దాన్ని కూడా శ్రద్ధగా గుర్తుపెట్టుకుంది. వెళుతూ వెళుతూ ఒక తైలం సీసా చేతిలో పెట్టింది. "మా అత్తగారిది. ఆవిడ మోకాళ్ళకి వాడతారు. మీ సంగతి చెబితే, ముందు ఆయనకివ్వమన్నారు."

ఆ వారమంతా మెకానిక్ గారు బల్లచెక్క మీద పడుకుని పైకప్పు చూశాడు. నడుముకి నొప్పి లేదుగానీ, ఆ సీసా వైపు చూసినప్పుడల్లా ఇంకెక్కడో కలుక్కుమనేది.

మూడో ఆదివారం అందరూ వీధి చివర బస్సు ఆగేచోట విరిగిన బెంచీ బాగుచేశారు. నాలుగో ఆదివారం పక్కవీధి చిన్నపిల్లల బడికి సున్నం వేశారు. ఆ రోజు మెకానిక్ గారు ఇంట్లో ఉండలేక తనూ వస్తానన్నాడు. రానిచ్చారు. రానిచ్చి, బడి గుమ్మం పక్కన దిండు వేసిన కుర్చీలో కూర్చోబెట్టి, అందరి చెప్పులూ కాపలా కాయమన్నారు. మూడు గంటలపాటు ఇరవై రెండు జతల చెప్పులు ఆయన కళ్ళెదుటే భద్రంగా ఉన్నాయి.

లోపల్నుంచి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"మాస్టారూ, మీరు ఈల ఊదితే గోడ తెల్లబడదు. బ్రష్షు తడపండి."

"నీ నోరు ఆడించడం ఆపి నువ్వు కానివ్వు."

"వదినా, అది గోడ కాదు, నా వీపు."

ఆ వదిన, ఎవరో కాదు, తన భార్యే. ఈ ఇంటికొచ్చి నాలుగు వారాలు కాలేదు, ప్లంబరుకి వదిన అయిపోయింది, నర్సుకి అక్క అయిపోయింది. ఆవిణ్ణి అందరూ ఇష్టమొచ్చినట్టు వేళాకోళం చేస్తున్నారు. తనదగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆస్పత్రి వరండాలోలా గొంతులు తగ్గిపోతున్నాయి. "లేవకండి, లేవకండి. దిండు సరిగా ఉందా?"

ప్లంబరు నీళ్ళు తాగడానికి బయటికొస్తే మెకానిక్ గారు ఆపి అడిగాడు. "ఉన్నది ఒక్క సెలవు రోజు కదా. ఎందుకొస్తావయ్యా?"

ప్లంబరు చేతి సున్నం ప్యాంటుకి తుడుచుకుని ఆలోచించాడు. "ఏముందండీ. ఇంట్లో పడుకుంటే వీళ్ళంతా మెట్లమీద నవ్వుకుంటూ పోతుంటారు. నేను లేకుండా వీళ్ళకి అంత నవ్వు ఎందుకొస్తోందో చూద్దామని వచ్చేస్తాను."

ఆ మాట మెకానిక్ గారికి సూదిలా దిగింది. ఆయనకి ఆ నవ్వులోకి వెళ్ళాలని ఉంది. తననీ ఎవరైనా కసురుకుంటే బాగుండునని ఉంది. అడ్డంగా ఉన్నదల్లా నడుము.

మర్నాటి నుంచి ఆ నడుమును వదిలించుకునే ఉపాయాలు వెతికాడు. మెల్లిగా తగ్గిందని చెబుదామంటే, నర్సు లెక్క ప్రకారం పూర్తిగా తగ్గడానికి ఆరునెలలు పడుతుంది. శనివారం సాయంత్రం ధైర్యం కూడదీసుకుని మాస్టారింటికి వెళ్ళాడు. నర్సూ అక్కడే ఉంది. మర్నాడు డాబా మీద ట్యాంకు కడగాలి. ఎవరు ఏ మెట్టు దగ్గర నిలబడాలో ఇద్దరూ కాగితం మీద గీసుకుంటున్నారు.

"మాస్టారూ, ఒకమాట. నాకు నడుమునొప్పి లేదు."

"తగ్గిందా?"

"తగ్గడం కాదు, అసలు లేదు."

మాస్టారు కలం పక్కన పెట్టాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. "చూశావామ్మా. రేపు పెద్ద పని ఉందని తెలిసి, మనకి మనుషులు చాలరని, నొప్పి లేదంటున్నాడు."

"నొప్పి లేదనేవాళ్ళకే ఎక్కువ ఉంటుంది మాస్టారూ," అంది నర్సు. "వార్డులో పదిహేనేళ్ళుగా చూస్తున్నాను."

"నిజమేనమ్మా, కావాలంటే చూడు," అని మెకానిక్ గారు కాలి వేళ్ళు ముట్టుకుందామని వంగబోయాడు. ఆయన వేళ్ళు మోకాళ్ళదాకా వెళ్ళేలోపే ఇద్దరూ చెరో రెక్కా పట్టుకున్నారు. అలాగే పట్టుకుని రెండో అంతస్తుదాకా నడిపించి, భార్యకి అప్పజెప్పి, "చాలా గొప్ప మనిషమ్మా మీ ఆయన," అని చెప్పి వెళ్ళారు.

భార్య తలుపు వేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకే. నువ్వైనా చెప్పు వాళ్ళకి. నీ మాటైతే నమ్ముతారు."

"నేనెందుకు చెప్పాలి? మీరే చెప్పారుగా."

"చెప్పాను. నమ్మలేదు."

"ఏమని చెప్పారు?"

"నొప్పి లేదని."

"అదీ సంగతి. నొప్పి లేదని చెప్పారు. అబద్ధమాడానని చెప్పలేదు. గొప్ప మనిషి అనిపించుకుని వచ్చారు."

మెకానిక్ గారు బల్లచెక్క మీద కూర్చుండిపోయాడు. ఆవిడ అన్నది అక్షరాలా నిజం. ఒప్పుకోవడంలో కూడా తనకి తగలకుండా ఒక మెత్తటి దిండు పెట్టుకున్నాడు.

మర్నాడు ఆరున్నరకి ఎవరూ పిలవకముందే డాబా ఎక్కాడు. అప్పటికే అందరూ పోగయ్యారు. ఆయన్ని చూడగానే ప్లంబరు కుర్చీ కోసం పరిగెత్తబోయాడు.

"కుర్చీ వద్దు. ముందు నా మాట వినండి," అన్నాడు మెకానిక్ గారు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ మొదటి ఆదివారం నాకు నిద్రొస్తోంది. పని చెయ్యడానికి బద్ధకం వేసింది. మాస్టారితో నడుమునొప్పని అబద్ధం చెప్పాను. పై వారం మీరందరూ వచ్చేసరికి నోరు పెగల్లేదు. పరుపు తీశాక సిగ్గేసింది. గోడకి పిడి బిగించాక ఇంకా సిగ్గేసింది. ఆ తైలం మూత కూడా తియ్యలేదు. ఇదిగో." జేబులోంచి సీసా తీసి నర్సుకిచ్చాడు.

నర్సు సీసాని అటూ ఇటూ తిప్పి చూసింది.

మొదట ప్లంబరు తేరుకున్నాడు. "అంటే, ఆ గ్రానైటు గోడకి నేను నాలుగు కన్నాలు పెట్టింది మీ నిద్ర కోసమా?"

"అవునయ్యా."

"డ్రిల్లు బిట్టు విరిగిపోయింది తెలుసా?"

"తెలియదు."

"మా అత్తగారు మూడు వారాలనుంచీ మెట్లు దిగలేదు," అంది నర్సు సీసా వైపు చూస్తూ. అందరిలోకీ ఆవిడ మాటే గట్టిగా తగిలింది. "సీసా నాకిస్తారేం? మీరే తీసుకెళ్ళి ఆవిడ చేతికివ్వండి. ఎందుకిస్తున్నారో కూడా మీరే చెప్పండి."

"చెబుతానమ్మా. ఇప్పుడే వెళతాను."

"ఇప్పుడు కాదు, పని అయ్యాక," అన్నాడు మాస్టారు. ఆయన ఇంతసేపూ కాగితమే చూస్తున్నాడు. నిన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నందుకు ఆయనకీ కొంచెం సిగ్గుగానే ఉన్నట్టుంది. "ట్యాంకులోకి దిగి వంగి తోడే మనిషి ఒకడు కావాలి. ప్రతి ఏడూ ఎవరూ ఒప్పుకోక చీట్లు వేస్తాం. ఈ ఏడు చీట్లు అక్కర్లేదనుకుంటాను."

ఎవరికీ అనుమానం లేదు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి మెకానిక్ గారు ట్యాంకులోకి దిగాడు. అడుగున ఏడాదిగా పేరుకున్న ఒండ్రు, చీలమండల దాకా చల్లగా. ఆయన బకెట్టు నింపి పైకి అందిస్తే ప్లంబరు అందుకుంటాడు. అక్కణ్ణుంచి చేతులు మారుతూ మెట్లమీదుగా కింద కాలువదాకా పోతుంది. పై మలుపులో నర్సు, రెండో అంతస్తులో ఆయన భార్య, అట్టడుగున మాస్టారు.

మూడో బకెట్టు అందిస్తుండగా పైనుంచి ప్లంబరు తల లోపలికి వంచాడు.

"ఏమండీ, ఆ మూల వదిలేశారేం? కళ్ళు తెరుచుకునే తోడుతున్నారా, ఇక్కడ కూడా నిద్రేనా?"

ఐదు వారాల్లో ఆయనతో ఆ గొంతుతో మాట్లాడిన మొదటి మనిషి వాడు. మెకానిక్ గారు బురదచేత్తోనే నుదురు తుడుచుకుని తల పైకెత్తాడు.

"ఈ బురదంతా నువ్వు బిగించిన పైపులోంచే వచ్చిందయ్యా. ముందు దాని సంగతి చూసి తర్వాత నా సంగతి మాట్లాడు."

ప్లంబరు నవ్వి, బకెట్టుతోపాటు ఆ మాటని నర్సుకి అందించాడు. నర్సు నవ్వింది. తర్వాత రెండో అంతస్తులో భార్య నవ్వు వినిపించింది, అందరికంటే గట్టిగా. మాట మెట్టు మెట్టుకీ దిగుతోంది. మెకానిక్ గారు ట్యాంకు గోడకి చెవి ఆనించి ఆగాడు. అట్టడుగున మాస్టారిదాకా చేరడానికి దానికి కాస్త సమయం పట్టింది. ఆ నవ్వు కూడా వచ్చాక, వంగి ఇంకో బకెట్టు నింపాడు.