వదిన స్టెతస్కోపు

మా వదిన పాత కారు ఆ రోజు ఎందుకు మొరాయించిందో తెలిసి కూడా నేను నోరు విప్పలేదు.

నర్సుగా రిటైరైన ఆవిడ, ఇంజను కాస్త నలతపడితే చాలు, దానికి స్టెతస్కోపు ఆనించి, "ఉష్!" అంటూ అందరి మాటలూ ఆపించేది. ఆ ఆదివారం కె.ఆర్.పురంలో చర్చి ముందు కారు దగ్గుతూ నల్లటి పొగ వదిలింది.

"దీనికి ఊపిరాడకుండా ఉండాది అప్పా," అంది వదిన, స్టెతస్కోపు ఆనించి విని.

"బీపీ కూడా చూడండి వదినా!" అన్నాను. చుట్టూ చేరిన చర్చివాళ్లంతా పగలబడి నవ్వారు. ఆవిడ స్టెతస్కోపు సంచిలో పెట్టేసి, "పోనీలే, అమ్మేస్తా దీన్ని," అంది.

తీరా బానెట్ కింద చూస్తే, కారు కడిగేటప్పుడు నీళ్లు పోకుండా, ఇంజనుకి గాలి అందించే గొట్టంలో నేను కుక్కిన గుడ్డ! చాటుగా లాగేశాను. బండి జోరుగా కదిలింది. మెప్పంతా నాకొచ్చింది.

మరుసటి ఆదివారం, నవ్వినవాళ్లందరి ముందూ చెప్పాను: "వదినా, గొట్టంలో గుడ్డ కుక్కి మరిచిపోయింది నేనే. మీరు చెప్పిందే నిజం. కారు అమ్మకండి. నన్ను క్షమించండి."