ఒక్క హారన్

నాకు కోపమొస్తే బొగ్గుబావిలో తోటివాళ్లు "రోపు తెగిందిరో" అనేవారు. నేను హాలేజీ ఆపరేటర్‌ని. బొగ్గు టబ్బుల్ని ఇనుప తాడుతో పైకి లాగే యంత్రం నాది. కింది నుంచి ఒక గంట కొడితే ఆపాలి, రెండు కొడితే నడపాలి. ముప్పై ఏళ్లలో ఒక్క టబ్బునీ జారనివ్వలేదు. జారిందల్లా నా నోరే. "మీటర్ లేచింది, జరుగుండ్రి" అని వాళ్లు నవ్వుతుంటే నాకదొక బిరుదులా ఉండేది. సిగ్గులేని జన్మ!

రిటైరై భద్రాచలంలో ఉంటుండగా మా అమ్మాయికి దుమ్ముగూడెం అవతల ఒక ఊళ్లో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ ఊరికి బస్సు లేదు. పది రోజుల్లో స్కూటర్ నేర్చుకోకపోతే ఉద్యోగం వదులుకోవాల్సిందే. నేను నేర్పుతానని మీసం దువ్వాను.

మొదటి రోజే వెనక కూర్చుని, "బ్రేకు! బ్రేకు! కండ్లు నెత్తి మీదున్నయా?" అని అరిచాను. ఆమె బండి ఆపి, తాళం నా చేతిలో పెట్టి, ఏడుస్తూ ఇంటికి నడిచింది.

"నాకు బండీ వద్దు, నౌకరీ వద్దు" అంది వాళ్లమ్మతో.

మా ఆవిడ నా వైపు చూడనైనా లేదు. "మీ నాన్నకు చెప్తే అర్థం కాదు బిడ్డా, గంట కొడితేనే అర్థమైతది. నోరు తెరిస్తే ఒక్క హారన్ కొట్టు" అంది.

మర్నాడు "ఏంది, గిట్లనా..." అన్నానో లేదో, పాం! నా నోరు టక్కున మూతపడింది. నాకే ఆశ్చర్యం. దిమాక్ ఖరాబైందనీ, కోపం నా చేతిలో లేదనీ ఇన్నేళ్లూ చెప్పుకున్నవన్నీ అబద్ధాలేనన్నమాట! ఆ వారమంతా మా వీధివాళ్లకు చెవులు చిల్లులు పడ్డాయి. కరకట్ట మీద ఒక బర్రె అడ్డమొస్తే ఆమె హారన్ కొట్టింది. బర్రె కదల్లేదు గానీ, వెనక నేను ఊపిరి కూడా బిగబట్టాను.

బడికి బయల్దేరిన రోజు పొద్దున, వాకిట్లో హెల్మెట్ అందిస్తూ నోరు తెరిచాను. పాం! ఆగిపోయాను. అనబోయింది "పైలం బిడ్డా, మెల్లగ పో" అనే. ఆమె నా ముఖం చూసింది. ఏమనుకుందో, నవ్వి, రెండుసార్లు హారన్ కొట్టింది. ఇక మాట్లాడొచ్చని.

ఒక్క మాటా రాలేదు. కళ్లు మాత్రం ఆగలేదు. బండి మలుపు తిరిగిపోయింది.

మా ఆవిడ కొంగు నా చేతికిస్తూ, "అవ్, ఇయ్యాల తెగింది రోపు" అంది.