కొట్టంలో కట్టేసిన మోటారు సైకిలు

ఇప్పుడు మా వీధి కుర్రాళ్ళు పొద్దున బండి చూసి, మధ్యాహ్నానికి కొని, సాయంత్రానికల్లా దాని మీద షికారు పోతున్నారు. అసూయ అనను గానీ, చూస్తున్నంతసేపూ నా నోరు తెరుచుకునే ఉంటుంది. మేము కాపురాలకొచ్చిన రోజుల్లో ఒక వస్తువు కొనడమంటే అంగట్లో జరిగే పని కాదు. అరుగు మీద, కళ్ళంలో, పెళ్ళి పందిట్లో, చావింట్లో, నలుగురు కూర్చున్న ప్రతిచోటా జరగాల్సిన పని. అందులోనూ మా ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. చెప్పుల జత కొనాలంటే ముందు పాత చెప్పులను అరుగు మీద పెట్టుకుని రోజుల తరబడి చూస్తూ కూర్చునేవాడు (పాపం, అవి కూడా ఆయన్నే చూసేవి). అట్లాంటి మనిషి నన్ను చేసుకోవడానికి ఒక్క పూటలో ఎట్లా ఒప్పుకున్నావని ఒకసారి అడిగాను. "అది మా నాయన తీర్మానం. నన్ను అడిగుంటే ఇంకా ఆలోచిస్తానే ఉందును" అన్నాడు. ఏం చేస్తాం, అంతటి నిజాయితీపరుడు.

పెద్ద యుద్ధం ముగిసిన కొత్తల్లో మాట ఇది. పాకాల దగ్గర, చిత్తూరు పోయే దారి మీద మా అత్తగారి ఊరు. మా ఆయన మామిడి తోటలు గుత్తకు తీసుకునేవాడు. తోట పూత మీద ఉండగానే చూసి మాట ఖాయం చేసుకోవాలి. ఈయన సైకిలు తొక్కుకుంటూ చేరేసరికి ఇంకెవరో ఖాయం చేసుకుని, తాంబూలం కూడా నమిలేసి ఉండేవాళ్ళు. అందుకని మోటారు సైకిలు కావాలన్నాడు. అది ఆయన కారణం. నా కారణం మా అమ్మ. అదే చిత్తూరు దారిలో రోడ్డు దిగి, కొండ పక్కగా పోయే బండిబాట చివర మా పుట్టినూరు. అమ్మ అక్కడ మా అన్న దగ్గర ఉండేది. ఉబ్బసం మనిషి. ఆ వైపు పోయే బస్సు సాయంత్రం ఒక్కటే, తిరిగొచ్చేది మర్నాడు పొద్దున (యుద్ధం పుణ్యమా అని బొగ్గుతో నడిచేది, గట్టు వస్తే దిగి మనమే తోయాలి). అంటే అమ్మను చూడాలంటే రాత్రి అక్కడ పడుకోక తప్పదు. నేను అక్కడ పడుకుంటే ఇక్కడ ఎనుములకు పాలు పిండేదెవరు? అవి నా చేతికి తప్ప మా అత్త చేతికి చేపేవి కావు. ఆ ఎనుములు నా మీద ప్రేమతో నాకు చేసినంత ద్రోహం పగవాళ్ళు కూడా చేయలేదు. పండగకో పబ్బానికో తప్ప అమ్మ ముఖం చూసేది లేదు. "బండొస్తే పొద్దన పాలు పిండి పోయి, మాపటికి పిండే యాళకు వచ్చేద్దాం. నెలకొకతూరి మీయమ్మను సూపిస్తా" అని మా ఆయన ఏ క్షణాన అన్నాడో, ఆ క్షణం నుంచి నాకు మోటారు సైకిలే ఇలవేల్పు అయిపోయింది.

బండి ఎవరిదంటే పటాలం మామది. మా అత్తకు దూరపు వరసకు తమ్ముడు. పటాలంలో చేరి, సముద్రాలు దాటి యుద్ధం చేసొచ్చాడు (చేసిందంతా లారీలకు జిడ్డు పూయడమేనని మా అత్త అనేది). మద్రాసులో సైన్యంవాళ్ళు వేలం వేసిన బండినొకదాన్ని పాడుకుని చిత్తూరు తెచ్చి పెట్టుకున్నాడు. ఇప్పుడు కాఫీ హోటలు పెట్టాలని దాన్ని అమ్మేస్తానన్నాడు. మా ఆయన తోటల పని మీద చిత్తూరు పోయినప్పుడల్లా ఎండిన చెరువులో బండి నేర్చుకున్నాడు. నడపడం తొందరగానే వచ్చేసింది. కొనడమే రాలేదు. కనబడిన ప్రతి మనిషినీ అడిగాడు. బస్సు డ్రైవరును అడిగితే, "తనంతట తాను నిలబడలేని బండి నిన్నేం మోస్తాదప్పా?" అన్నాడు. బడి అయ్యవారు, "దాన్ని చేసిన దొరలే మూటాముల్లె సర్దుకుంటా ఉండారు. రేపు మర ఊడిపోతే ఎవుర్ని అడగతావు?" అన్నాడు. వకీలు గుమాస్తా ఒకాయన, కోడిని తొక్కితే ఏమవుతుంది, మేకను తొక్కితే ఏమవుతుంది అని ఓపికగా వివరించి, మనిషిని తొక్కితే మాత్రం నేరుగా తన దగ్గరికే రమ్మన్నాడు. జోస్యుడు వేళ్ళు లెక్కపెట్టి, "రెండు చక్రాల వాహనం నీ జాతకంలో ఉండాది. అది సైకిలో, మోటారో, ఎద్దులబండో గ్రహాలు చెప్పలేదు" అన్నాడు. అన్నీ అయ్యాక మా అత్త అసలు ప్రశ్న వేసింది. "అంతా బాగుండాది గానీ, కోడలు యాడ కూసుంటాది?" "ఎనక" అన్నాడు ఈయన. "ఎనకంటే? నిన్ను పట్టుకునా? ఊరు ఊరంతా సూస్తా ఉంటే?" ఈయన ఆ కొత్త సంగతి మీద కూడా ఆలోచన మొదలుపెట్టాడు. పూత పిందై, పిందె కాయై, కాయ ఊరగాయై జాడీకెక్కింది. మా ఇంట్లో తీర్మానం మాత్రం పూత దగ్గరే ఉంది.

మా ఊరికీ అమ్మ ఊరికీ మధ్య కబుర్లు మోసేది గాజులాయన. వచ్చినప్పుడల్లా గంప దించుతూనే, "బండి కొన్యారా అని మీయమ్మ అడగమన్నిందమ్మా" అనేవాడు. "ఇంకా ఆలోచిస్తా ఉండారని చెప్పు." "పోయినతూరీ అదే చెప్పినా గదమ్మా." "ఈతూరి గట్టిగా ఆలోచిస్తా ఉండారని చెప్పు." నేనట్లా అంటే ఆయన నవ్వేవాడు, నేనూ నవ్వేదాన్ని. గంపెత్తుకుని ఆయన మలుపు తిరిగాక కూడా నేను మాత్రం ఆ దారే చూస్తూ నిలబడేదాన్ని.

చివరికి మా మామ, అంటే మా ఆయన నాయన, కలగజేసుకున్నాడు. ఎద్దులను చూసి చెప్పడంలో చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆయనదే మాట. మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉండేది. ఎద్దును ఊరికే కొనరు. ముందు తెచ్చి కొట్టంలో కట్టేస్తారు. అది ఉన్నన్నాళ్ళూ ఇంట్లో మంచి జరుగుతుందా, చెడు జరుగుతుందా కనిపెట్టుకుని ఉంటారు. అచ్చొస్తే ఉంచుకుంటారు, లేకపోతే తోలేస్తారు. తీర్మానం అయ్యేదాకా దాని మెడ మీద కాడి పెట్టరు. "దీన్నీ అట్లే కొందాం. తెచ్చి కొట్టంలో కట్టండి" అన్నాడు మామ. పటాలం మామకు కొనేవాళ్ళెవరూ దొరకలేదేమో, "ఉండనీలే బావా, నా కాడుంటే మాత్రం తుప్పే గదా" అని తనే నడుపుకుంటూ తెచ్చి అప్పగించాడు. మా మామ బండి చుట్టూ తిరిగాడు. ముందర నిలబడి చూశాడు, వెనక వంగి చూశాడు, వీపు నిమిరాడు. "సుడి యాడుండాది?" అన్నాడు, ఎద్దుకు వెంట్రుకల సుడి వెతికినట్టు. పటాలం మామ తడుముకోకుండా పెట్రోలు పోసే గుండ్రటి మూత చూపించాడు. "తల దగ్గరే ఉండాది, మంచిదే. ఎగపోస్తాదా?" "గట్టెక్కితే రవ్వంత ఎగపోస్తాది బావా." "నిజం చెప్పినావు" అని మెచ్చుకుని, మామ దానికొక పలుపు తాడు వేసి గుంజకు కట్టేశాడు. "తాడెందుకు నాయనా?" అన్నాడు మా ఆయన. "పద్ధతి" అన్నాడు మామ. మా అత్త బండి ముందరి దీపం బుడ్డికి పసుపు కుంకుమ పెట్టింది. పక్కనున్న ఎనుము దాన్ని వాసన చూసి, మొహం తిప్పేసుకుంది.

ఇక మొదలైంది లెక్క. ఎనుము పెయ్యదూడను ఈనింది. మంచి. మా అత్తకు పన్ను ఊడింది. చెడు. (చాలాకాలంగా ఊగుతున్న పన్నే అది, బండికేం సంబంధం? అడిగే ధైర్యం ఎవరికుంది?) బావి తాడు తెగింది, చెడు. తెగినా బిందె బావిలో పడలేదు, మంచి. కోర్టులో ఉన్న పొలం గట్టు తగాదా వాయిదా పడింది. అది మంచా చెడా అని అరుగు మీద ఒక పూటంతా వాదించుకున్నారు. ఎప్పటికప్పుడు మంచీ చెడూ సరిసమానంగా తేలేవి. "ఇంకొన్నాళ్ళు సూద్దాం" అనేవాడు మామ. మా ఆయన పొద్దుగూకగానే కొట్టంలోకి పోయి, బండిని గుడ్డతో తుడిచి, దాని మీద ఎక్కి కాసేపు కూర్చుని దిగేవాడు. నేను మాత్రం ఊరుకోలేదు. ఇంట్లో చెడు జరగకుండా కాపలా కాశాను. నా చేతిలోంచి దుత్త జారి పగిలితే పెంకులు తీసుకుపోయి పేడదిబ్బలో పూడ్చేశాను. పాలు విరిగితే ఎవరూ చూడకుండా నేనే తాగేశాను. గడప తగిలి గోరు లేచిపోతే, కుంటకుండా నడిచాను. మొగుడికి జలుబు చేస్తే, "తుమ్మాలంటే ఇంటెనక్కి పోయి తుమ్ము" అన్నాను. ఆ బండి మంచిదనిపించుకోవడానికి నేను పడిన పాట్లు అది కూడా పడలేదు.

ఒకరోజు పాలు పిండి, చల్ల చిలుకుతున్నాను. మా అన్న పంపిన జీతగాడు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. అర్ధరాత్రే బయల్దేరి, బండ్లు పోలేని కొండ అడ్డదారిలో నడిచొచ్చాడట. "అమ్మకు ఆయాసం నిండా ఎక్కువగా ఉండాది. నిన్ను బిన్నా, ఉన్నపాటునే తోడుకోని రమ్మన్యాడు మీయన్న" అన్నాడు. బస్సు చూస్తే సాయంత్రానికి గానీ లేదు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కొట్టం వైపు చూశాడు. పటాలం మామ పోసి ఇచ్చిన పెట్రోలు పోసినట్టే ఉంది. గుంజ దగ్గరికి పోయి తాడు మీద చెయ్యి వేశాడు కూడా. వేసి, వాళ్ళ నాయన వైపు చూశాడు. "తీర్మానం కాని గొడ్డుకు కాడి కట్టకూడదురా" అన్నాడు మామ. ఆయనేమీ రాతిగుండె మనిషి కాదు, ఆయన కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. "మొదటి తూరి ఇట్లాంటి పని మీదనా తీసేది? అమ్మాయికే మంచిది కాదు. ఎద్దులు కట్టు. నేనూ వస్తా" అన్నాడు. నేను నోరు తెరిచాను. అప్పుడు ఒక మాట అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. కోడళ్ళకు మామతో ఎదురు మాట్లాడే అలవాటు లేని కాలం. మా ఆయన తాడు వదిలేసి, ఎద్దులు కట్టాడు.

అవి అన్ని పరీక్షల్లోనూ నెగ్గిన ఎద్దులు, సుడి మంచిది, నడక మంచిది. ఆ మంచి నడకతో అవి మమ్మల్ని పొద్దుగూకే వేళకు చేర్చాయి. బండిబాట చివరికి రాగానే ఇంటి ముందు జనం కనిపించారు. అప్పుడే తెలిసిపోయింది. అన్న ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "పొద్దు తిరిగేదాకా తెలివిగానే ఉండిందమ్మా. బండి సద్దు వినపడతా ఉందా సూడ్రా అని అడగతానే ఉండింది" అన్నాడు. ఇంటి ముందర ఒకచోట నేల చదును చేసి, కొత్తగా పలక రాయి పరిచి ఉంది. అదేమిటో అడగకుండా ఉంటే బాగుండేది, అడిగాను. "మీ బండి కోసరమే పాపా. మట్టిలో నిలబెడితే దాని కాలు దిగబడి పడిపోతాదని గాజులాయన చెప్పినాడంట. పోయిన నెల ఊపిరాడకపోయినా పక్కనే నిలబడి ఏయించింది" అన్నాడు. నేను ఆ రాయి మీదే కూలబడి ఏడ్చాను.

దినాలు ముగిసి మేము ఇల్లు చేరాక, మా మామ అరుగు మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "అచ్చిరాలేదు. వియ్యపురాలినే మింగింది. పొద్దన్నే తోలిచ్చేయండి" అన్నాడు. అవునంటే అవునని మా అత్త అంది. అవునని పక్కింటివాళ్ళు అన్నారు. అన్ని నెలలు తేలని తీర్మానం ఆకు నమిలేలోపల తేలిపోయింది. ఎన్ని పెంకులు పూడ్చాను, ఎన్ని విరిగిన పాలు తాగాను! దాచలేకపోయిన చెడు ఇదొక్కటే. నాకు నవ్వు ముంచుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తాను. పాపం, తల్లి గుర్తొచ్చిందనుకున్నారు.

మర్నాడు పొద్దున మా ఆయన బండిని బయటికి తీసి చప్పుడు చేయగానే, నేను చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని వచ్చి వెనక ఎక్కి కూర్చున్నాను. మా అత్త చేట కింద పెట్టేసింది. "యాడికే?" "చిత్తూరికత్తా." "ఊరంతా సూస్తా ఉంటే?" "సూడనీలే అత్తా." ఆ మాట అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. మా ఆయన దిగమనలేదు. ఆలోచించనూ లేదు. బండి దూకింది.

సిగ్గుకు ఆయన్ను పట్టుకోలేదు, కింద ఇనప కడ్డీని పట్టుకుని, కళ్ళు మూసుకున్నాను. మూసిన కళ్ళు తెరిచేసరికి బండి ఆగి ఉంది. ఏమైందా అని చూస్తే అమ్మ ఊరికి బండిబాట చీలే చోటు. మా ఆయన కాలు కింద పెట్టి, వెనక్కి తిరిగి వచ్చిన దారి చూశాడు. "ఇంతేనా దూరం?" అన్నాడు. "పోదామా?" అన్నాడు మళ్ళీ. "పోయి ఎవురికి సూపిస్తాం?" అన్నాను. ఆయన భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, చాలాసేపు తువ్వాలు తియ్యలేదు. తరవాత బండిని చిత్తూరు వైపే పోనిచ్చాడు.

ఆ తరవాత ఆయన ఏ బండీ కొనలేదు. తోటలు సైకిలు మీదే తిరిగాడు. ఎవరైనా మోటారు సైకిలు మాట ఎత్తితే లేచి లోపలికి పోయేవాడు. ఇప్పుడు ఆయనా లేడు, నన్ను తప్పు పట్టే అత్తా లేదు కాబట్టి ఒక సంగతి చెప్తాను. చిత్తూరు ముందు పెద్ద దిగుడు ఒకటి ఉండేది. అక్కడ బండి జారినట్టు దిగుతుంటే చెవుల్లో గాలి హోరు, కడుపులో చక్కిలిగిలి, నేను గట్టిగా కేక పెట్టాను. భయంతో కాదు. అమ్మా, ఎంత బాగుందో! ఇంటికి పోగానే ఇది అమ్మకు కబురు పంపాలి అనుకున్నాను. అప్పుడు కొంగు ఎగిరిపోతున్నా పట్టించుకోకుండా కేకలు పెట్టిన ఆ పిల్లను తలచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది. పిచ్చిది, ఆ దిగుడు దిగినంతసేపూ అమ్మ పోయిన సంగతే దానికి గుర్తు లేదు.