అడుగున చెక్కిన బిళ్ళ

మా మేనమామ కొడుకు పై పళ్ళు రెండు నేను రాలగొట్టినాననే మాట మా బంధువుల్లో ఈనాటికీ ఉంది. రాలింది నా దెబ్బకే, కాదనను. కావాలని కొట్టినాననడమే అబద్ధం.

డెబ్బైలలో, ఐరాల దగ్గర మా చెరుకు తోట. పెద్దవాళ్ళు గానుగ దగ్గర బెల్లం వండుతుంటే మేము చెరుకు కోసేసిన కయ్యలో బిళ్ళంగోడు ఆడేవాళ్ళం. బెత్తెడు బిళ్ళకు రెండు కొసలూ వాడిగా చెక్కి ఉంటాయి. నేలమీద పెడితే పొట్ట ఆనుతుంది, కొసలు లేచి ఉంటాయి. గోడంటే మూరెడు కర్ర, దాంతో కొస మీద కొడితే పల్టీలు కొడుతూ పైకి లేస్తుంది. అప్పుడు దాని నడుముకు కొట్టాలి. నడుముకు తగిలితే తోట దాటుతుంది. కొసకు తగిలితే దెబ్బలో సగం తిరగడానికే పోయి దగ్గరలోనే పడుతుంది. నా బిళ్ళ ఎప్పుడూ తోట దాటేది. అదే బావకు కంటగింపు.

ఆ పొద్దు నా వంతుకు బావే బిళ్ళ తెచ్చి పెట్టినాడు. పెట్టి, నా ఎడమ పక్క బారెడు దూరంలో చేతులు చాచుకుని నిలబడినాడు. బిళ్ళ కింద పడకముందే పట్టుకుంటే నా ఆట పోయినట్టే.

"దూరం జరుగు బావా."

"నీ దెబ్బకు ఈ దూరం సాల్లేమ్మే. కొట్టు, సూద్దాం."

కొట్టినాను. నిలువునా లేవాల్సిన బిళ్ళ ఎడమకు దూకింది. గోడు అప్పటికే గాలిలో ఉంది. కొసకు తగిలింది. బిళ్ళ గిర్రున తిరుగుతూ బావ నోట్లోకి పోయింది. బారెడు దూరానికి ఆ మాత్రం దెబ్బ చాలు.

నాయన పరిగెత్తుకొచ్చి నా చేతిలోని గోడు లాక్కున్నాడు. "నోటికి గురిపెట్టి కొడతావా?" అంటూ గోడు విరిగేదాకా కొట్టినాడు. గోడు కంటే ముందు నా ముంజేతి ఎముక విరిగింది. నేలమీద పడి ఉన్నప్పుడు బిళ్ళ నా కళ్ళ ముందే ఉంది. ఆడి ఆడి నల్లబడిన బిళ్ళకు అడుగున ఒక పక్క తెల్లగా కొత్త గాటు.

"నాయనా, బిళ్ళను సూడు, ఎవురో చెక్కినారు!"

అవ్వ ఆ బిళ్ళను తీసి బెల్లం పొయ్యిలో పారేసింది. ఎక్కడ చెక్కినారని ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఎనభైలలో బావ తిరుపతిలో ఇల్లు కట్టినాడు. గృహప్రవేశానికి వచ్చిన అందరికీ కట్టుడు పళ్ళు చూపించి, "మా మరదలి చేతిపని" అని నవ్వినాడు. నాయన కూడా నవ్వినాడు.

పెరట్లో వడ్రంగులు వదిలిన కట్టెముక్కలున్నాయి. గోడుకు ఒక పొడుగు కట్టె ఏరుకుని, కొబ్బరికాయల కత్తితో ఒక బిళ్ళ చెక్కినాను. దాని పైభాగాన ఒక పక్క గాటు పెట్టి, అందరినీ పిలిచినాను.

"ఆ పొద్దు బిళ్ళను ఎవురో ఇట్లా చెక్కినారు. సూడండి."

కొస కొట్టినాను. నిలువునా లేచి నా ముందే పడింది. అందరూ విరగబడి నవ్వినారు. అందరికంటే గట్టిగా బావ నవ్వినాడు.

"పైన చెక్కితే ఏమవుతుంది మే? అడుగున చెక్కాల. అప్పుడే కదా ఎడమకు దూకేది!"

నవ్వులు ఆగిపోయినాయి. తానన్న మాట ఏమిటో అందరికంటే చివర ఆయనకే తెలిసింది.

ఆయన చెప్పినట్టే బిళ్ళ అడుగున చెక్కి నేలమీద పెట్టినాను. "ఇప్పుడు ఆ పొద్దు నిలబడిన చోటే నిలబడు బావా."

నిలబడలేదు. పెండ్లాం వెనక్కి పోయినాడు. గోడు ఎత్తిన నా చెయ్యి, వంకరగా అతుక్కున్న చెయ్యి, నాయనకు ఎదురుగానే ఉంది. ఆయన తల తిప్పుకుని, "శుభకార్యం పూట ఎందుకమ్మా, కింద పెట్టు" అన్నాడు.

పెట్టలేదు, కొట్టినాను. బిళ్ళ ఎడమకు దూకింది. ఈసారి నడుముకే తగిలింది. కొత్త కిటికీ అద్దం భళ్ళున పగిలి గడప దాకా చిమ్మింది.

ఇంతవరకూ నాయన నా చేతి మాట ఎత్తలేదు. బంధువులు మాత్రం పళ్ళ పక్కన ఇప్పుడు అద్దాన్ని కూడా చేర్చి చెప్పుకుంటున్నారు.