కండెలు చుట్టిన పంతులు

మా లెక్కల పంతులు ఇంటికొచ్చి పాఠం చెప్పినంతసేపూ నూలు కండెలు చుట్టేవాడు. అవి నలభైల నాటి రోజులు. కాశిబుగ్గలో మాది మగ్గం ఇల్లు. నేను పలక పట్టుకుంటే కండెలు ఎవరు చుట్టాలని అమ్మ గొణిగింది. అది విని ఆయనే రాట్నం ముందు కూర్చున్నాడు. ఆయన సర్కారు బడి కొలువు ఎప్పుడో ముగిసింది. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయన చుట్టిన కండెల్లో సగం వదులుగా ఉండేవి. ఆయన వెళ్లాక అమ్మ వాటిని మళ్లీ చుట్టేది.

"ఇంటికాడ కూసోక గీ తిప్పలెందుకు సారూ?" అని ఓసారి అడిగింది.

"మా ఇంట్ల గోడలకు గూడ ఎక్కాలు చెప్పి చూసిన్నమ్మా. ఒక్క గోడన్న తిరిగి ఒప్పజెప్తలేదు," అన్నాడు.

నాకు వడ్డీ లెక్కలు వచ్చేశాక అమ్మ, "పిల్లకు గీ సదువు చాలు. రేపటి సంది రాకుండ్రి సారూ," అంది. ఆయన తలూపాడు.

మర్నాడు అదే వేళకు వచ్చాడు. నన్ను పిలవలేదు. రాట్నం తిప్పుతూ, ఎవరివైపూ చూడకుండా, "పదమూడేడులు?" అన్నాడు. అమ్మ నన్ను కళ్లతోనే ఆపింది.

మగ్గం చప్పుడు ఆగింది.

"తొంభై రెండు," అన్నాడు నాయిన మగ్గం గుంటలోంచి. పడుగులో ఒక్క పోగు లెక్క తప్పని మనిషి.

"తప్పు," అన్నాడు పంతులు. రాట్నం వదిలేసి మగ్గం దగ్గరకు జరిగాడు. "మొదటి సంది చెప్పు బిడ్డా."