నాలుగు బజ్జీల వార్త

ఆ రోజుల్లో నేను కలం పట్టకపోతే సంగారెడ్డి జిల్లా ఎక్కడిదక్కడే ఆగిపోతుందని నాకు గట్టి నమ్మకం. (ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. అప్పుడు ఎవరైనా నవ్వితే కోపమొచ్చేది.) పటాన్‌చెరులో ఎవరి అండా లేని ఒక చిన్న వారపత్రికలో పనిచేసేవాణ్ణి. యజమాని, సంపాదకుడు, ప్రూఫులు దిద్దేది అన్నీ మా పెద్దసారే. ఆయన ఎవరికీ జంకరు, అందుకే మాకు ప్రకటనలు రావు. చదివేవాళ్లు పెరగకపోతే ఉగాదికల్లా పత్రిక మూసేయాల్సిందేనని చెప్పి, ఆ నోటితోనే నన్ను వార్తకు పంపారు.

ఒక మందుల ఫ్యాక్టరీ వాగులోకి వదిలే కంపునీళ్ల గురించి పేజీ నిండా రాశాను. పత్రిక వచ్చిన రోజు బస్టాండుకు వెళ్తే ఒక్క కాపీ లేదు. పొద్దున్నే అన్నీ అయిపోయాయన్నాడు పేపర్లమ్మే తాత. ఇస్నాపూర్‌లోనూ అదే మాట. నేను గాల్లో తేలిపోతూ అరకిలో మిఠాయి కొనుక్కుని ఆఫీసుకు వెళ్లాను. పెద్దసారు మిఠాయి ముట్టలేదు. కట్టలకు కట్టలు కొన్నది ఆ ఫ్యాక్టరీ మేనేజరట, ఎవరి కంటా పడకూడదని. "మనకున్న పాఠకుడు గాయన ఒక్కడే బిడ్డా" అన్నారు. ఆయన గొంతు విని నాకు ఏడుపొచ్చింది. మిఠాయంతా నేనే తిన్నాను.

రెండు రోజుల తర్వాత సాయంత్రం, షిఫ్టు వదిలే వేళకు ఆ ఫ్యాక్టరీ గేటు ముందున్న బజ్జీల బండి దగ్గర ఆగాను. బండి అక్క ఇచ్చిన పొట్లం విప్పితే నూనెలో తడిసిన నా పేరు! ఆ ఫ్యాక్టరీలో పాత కాగితాలు అమ్మిన డబ్బు వాచ్‌మన్ టీ ఖర్చులకని ఎప్పటినుంచో ఆనవాయితీ. మేనేజరు గోదాములో పడేయించిన కట్టల్ని వాచ్‌మన్ అలవాటు ప్రకారం అక్కకు అమ్మేశాడు. చుట్టూ కార్మికులు బజ్జీలు పక్కనపెట్టి పొట్లాలు చదువుతున్నారు. చించిన కాగితాలు కదా, ఒకరి చేతిలో వార్త మొదలు, ఇంకొకరి చేతిలో చివర. మార్చుకుంటున్నారు.

"అక్కా, ఇంకో పొట్లం కట్టు. మా వాగు ముచ్చట సగంలనే తెగింది. కిందిముక్క ఉన్న కాయితంలనే కట్టు" అన్నాడొక వెల్డరన్న.

రాసింది నేనేనని ఛాతీ విరుచుకుని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"మంచిగనే రాసినవ్ తమ్మీ. గని జెర పొడుగైంది. నాలుగు బజ్జీలు తిన్నా ఒడుస్తలేదు."

ఆ వారమే వాళ్లు గుంపుగా ఆఫీసుకొచ్చి, ఈసారి నూనె లేని కాగితం కావాలంటూ చందాలు కట్టారు. పెద్దసారు రసీదులు రాస్తూ కళ్లద్దాలు మాటిమాటికీ తుడుచుకున్నారు. ఉగాదికి పత్రిక మూతపడలేదు. ఇప్పుడు పెద్దసారు లేరు, ఆయన కుర్చీలో నేను కూర్చుంటున్నాను. జిల్లా నేను రాయకపోయినా నడుస్తుందని తెలిసింది. అయినా ఏది రాసినా, ఎన్ని బజ్జీల పొడుగొచ్చిందో చూసుకుని, ఒక బజ్జీ తగ్గించి మరీ పంపుతాను.