మామయ్య పట్టిన మూల

మా మామయ్యకున్న ఏకైక విద్య పారిపోవడం. రేడియోలో తుఫాను అన్న మాట పూర్తయ్యేలోపే చాపలు చంకన పెట్టుకుని బడి మేడ ఎక్కేస్తాడు. గొడుగులు బాగుచేసి బతికే మనిషికి గాలివానంటే అంత దడేమిటో!

ఈ పిచ్చి మూడేళ్ళ కిందటి పెద్ద తుఫానుతో పట్టింది. రేవులో పడవలన్నీ కట్టే తాళ్ళ తాత అప్పుడు బడికి ఆఖరున వచ్చి, చోటు లేక తలుపు దగ్గర తడినేల మీద కూర్చున్నాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. మళ్ళీ అలా నానితే దక్కడన్నాడు డాక్టరు. వీధంతా తాత కోసం బెంగపడితే, మా మామయ్యకు తన ఒంటి మీదే బెంగ.

ఆ తర్వాత వచ్చిన హెచ్చరికలన్నీ సముద్రంలోనే చల్లారిపోయాయి. ఈయన మాత్రం ఒక్కటీ వదల్లేదు. ఒకసారి ఎండ మాడ్చేస్తుంటే రెండు రోజులు బడిలో ఒక్కడే కూర్చుని వచ్చాడు. సిగ్గులేదా అంటే, గాలి దారి తప్పిందిలే అన్నాడు, తానే తప్పించినట్టు.

పైగా కిటికీ లేని మూలే కావాలి. ఒక్క ప్రాణికి మూడు చాపలు. అంచు తొక్కితే గొడుగు మొనతో పొడుస్తాడు. అత్తయ్యకు కూడా అక్కడ చోటు లేదు. పిరికితనం చాలక పేరాశ కూడానా అని నలుగురిలో ఎన్నిసార్లు కడిగేశానో.

మొన్నటి తుఫాను దారి తప్పలేదు. మధ్యాహ్నానికే పెంకులు లేచిపోతున్నాయి. బడి కిటకిటలాడుతోంది. మోకాళ్ళు ముడుచుకున్న నాకు ఒళ్ళు మండింది.

"కాస్త జరుగు మామయ్యా."

"నీకు లేదురా."

"మరెవరికుంది?"

గడగడ వణుకుతూ తలుపు వంకే చూస్తున్నాడు. ఆ వణుకు మాత్రం అచ్చమైనదే.

అప్పుడొచ్చాడు తాళ్ళ తాత, నిలువెల్లా తడిసి. ఎంతమంది వారించినా ఇంకొకరి ముడి నమ్మడు. "నీ పడవకు రెండు తాళ్ళు వేశానురా," అన్నాడు నాతో, దగ్గుతూ.

మామయ్య చటుక్కున లేచాడు. చాప మడతలోంచి పొడి పంచె, దుప్పటి తీసి తాత చేతిలో పెట్టి, ఆయన్ని మూలలో కూర్చోబెట్టాడు. తాను వెళ్ళి, గాలికి కొట్టుకుంటున్న తలుపుకు వీపు ఆనించి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"మూల వదిలేశావేం మామయ్యా?"

"అక్కడ దోమలురా."

పెంకులెగిరే గాలిలో దోమలట! అబద్ధమాడటం కూడా చేతకాని మనిషి. నేనూ లేచి వెళ్ళి ఆయన పక్కనే తలుపుకు వీపు ఆనించాను. అత్తయ్య ఎందుకని అడిగితే, నన్నూ కుడుతున్నాయని చెప్పాను.